చేతి చమురు

డండీలో జనవరి అంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వేసుకునే నెల.
బాయిలర్లు బాగుచేసే మోరగ్ పెట్రీ
అట్టపెట్టెడు రశీదులు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించింది.
కొన్నింటికి గ్రీజు, ఒకదానికి జామ్.
"ఈ ఏడు గట్టెక్కుతానా, ఫిన్లే?"

లెక్కలు చూడటం నా పని, ఓదార్చటం కాదు.
ఎర్రపెన్ను తీశాను.

ఫోన్లు ఎత్తే అమ్మాయికి ఏడాదికి ఇరవైరెండు వేల పౌండ్లు.
ఆ పైన బీమాలో వాటా, పింఛనులో వాటా,
సెలవు పెడితే జీతం, జలుబు చేస్తే జీతం,
ఆమె కూచునే మూలకి బాడుగ, ఆ మూలకి వెచ్చదనం,
కుర్చీ, కంప్యూటరు, బిస్కట్లు.
తడిసి మోపెడు.
ఆ అమ్మాయి ఎలాగూ అబర్డీన్ వెళ్ళిపోతోందట.
ఆ ఖాళీ అలాగే ఉంచమన్నాను.

దూరాన ఉండి పనిచేసే మనిషిని చూసుకో అన్నాను.
గంటకి ఆరు పౌండ్లు, పని చేసిన గంటకే.
ఒక్కో వరుస మీద గీత కొడుతుంటే
మోరగ్ కోటు గుండీలు విప్పుకుంది,
వచ్చాక మొదటిసారి.

అట్లా వచ్చింది ఇలోయిలో నుంచి
జెనలిన్ పగుంతాలన్.
వచ్చిందంటే గొంతు వచ్చింది.
మాకు పొద్దున తొమ్మిదైతే వాళ్ళకి సాయంత్రం ఐదు.
మా వీధులన్నీ మ్యాపులో బట్టీపట్టి
ఏ కొండ మీదికి వ్యాను జారుతుందో
నడిపేవాడికే చెప్పేది.
పాత బాకీలు గొంతు పెంచకుండా రాబట్టింది.
గెడిస్ ముసలాయన మంగళవారాలు ఫోన్ చేసేది
బాయిలర్ కోసం కాదని నెల తిరక్కుండా కనిపెట్టింది.
ఆయనతో మాట్లాడిన నిమిషాలు
ఏనాడూ బిల్లులో కలపలేదు.

ఏడాది తిరిగేసరికి మిగులు పదిహేడు వేలు.
రెండో వ్యాను వచ్చింది.
నాకో విస్కీ సీసా వచ్చింది, కాదనలేదు.
అక్కడ జెనలిన్ తమ్ముడు ఓడల చదువులో చేరాడట,
బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డ రోజులకంటే
ఇదే నయమంది, నవ్వుతూ.
అబద్ధం చెప్పిందనుకోను.

డిసెంబర్లో తుఫాను.
రెండు రోజులు ఫోన్లు మోగి మోగి ఊరుకున్నాయి.
మూడో రోజు బిల్లు వచ్చింది,
రెండు రోజులు తీసేసి, నిమిషాలతో సహా సరిగ్గా.
అడుగున నాలుగు మాటలు:
"మా వీధిలో కరెంటు రాలేదు.
జనరేటర్ ఉన్న కాఫీ హోటల్లో కూచుని చేస్తున్నాను.
కప్పుల చప్పుడు వినపడితే మన్నించండి."
కాఫీల డబ్బు బిల్లులో లేదు.

పోయిన జనవరి కాగితం వెతికి తీశాను.
కుర్చీ. మూల. వెచ్చదనం. జలుబు.
నా ఎర్రగీతల కింద అన్నీ చదవొస్తూనే ఉన్నాయి.
ఖర్చు తగ్గించాననుకున్నాను.
నేను మార్చింది బిల్లు మీది చిరునామా.
కుర్చీ ఆమే కొనుక్కుంది,
ఇంటర్నెట్ ఆమెదే, కప్పు మీది రేకు ఆమెదే,
చేతి చమురు ఆమెదే.

మోరగ్‌కి ఆ నాలుగు మాటలూ చదివి వినిపించాను.
కాసేపు స్పానర్ తిప్పుతూ కూచుంది.
"నన్నడగలేదేం?" అంది.
"అడిగే వరుస మనం ఉంచలేదుగా," అన్నాను.

గంటకి ఏడున్నర చేసింది.
ఆ రెండు రోజులకీ కట్టమంది,
ఓ బ్యాటరీ కొనిమ్మంది, పెద్దది.
బ్యాటరీకి చోటు దొరికింది.
తుఫాను రోజులకి మాత్రం
నా సాఫ్ట్‌వేర్‌లో పద్దు లేదు.
మరమ్మతుల కింద వేశాను.

ఇంతా చేస్తే వచ్చే ఏడు మిగులు
ఇంకా పద్నాలుగు వేలకి తగ్గదు.
అదీ చెప్పాలి కదా,
లెక్కలవాణ్ణి.